మరక పడిన కాగితాలు

లండన్ నగరం నుంచి ఒక కాగితాల కట్ట తిరిగి వచ్చింది. అందులో పద్యరూపంలో చేతితో వ్రాసిన ఒక విషాదాంత నాటకం ఉంది. దానిని ఏ నాటకశాలా స్వీకరించలేదు. అది ఆశ్చర్యపడవలసిన విషయం కాదు. తిరిగి వచ్చే నాటకాలు ఏ కాలంలోనైనా ఉంటాయి. అయితే వెళ్ళేటప్పుడు శుభ్రంగా ఉన్న కాగితాలు వచ్చేటప్పుడు అలా లేవు. వాటి మీద ఎర్రని ద్రాక్షసారా ఒలికిన మరక ఉంది. ఆ కట్ట చదివేవారి బల్ల మీద కంటే తాగేవారి బల్ల మీద ఎక్కువ కాలం గడిపిందని వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ మరకే చెబుతుంది.

ఇది 1746 ప్రాంతపు మాట. ఆ నాటకం పేరు 'అన్‌హ్యాపీ ఫాదర్', అంటే దుఃఖభాగి అయిన తండ్రి. దానిని వ్రాసిన మేరీ లీపర్ లండన్‌కు వాయవ్యంగా సుమారు వంద కిలోమీటర్ల దూరాన నార్తాంప్టన్‌షైర్‌లోని బ్రాక్లీ అనే చిన్న ఊరిలో ఉండేది. తోటమాలి కూతురు. కొంతకాలం జమీందారుల ఇళ్ళలో వంటపని చేసి, అక్కడ పని పోయి, తండ్రి ఇంటికి తిరిగి వచ్చిన మనిషి. వయస్సు ఇరవై నాలుగు సంవత్సరాలు.

అటువంటి అవమానం జరిగినప్పుడు మనలో చాలామంది ఆ కాగితాలను పొయ్యిలో వేస్తారు, లేదా నాలుగు రోజులు అన్నం మానుకుంటారు. మేరీ లీపర్ కూర్చుని ఒక పద్యం వ్రాసింది. ఆ పద్యం శీర్షికలోనే విషయమంతా ఉంది: తన నాటకం ద్రాక్షసారా మరకతో తిరిగి వచ్చిన సందర్భంగా వ్రాసినది అని.

అందులో నాటకం ఒక కొడుకు, కవయిత్రి వాడి తల్లి. పట్నానికి పోయిన కొడుకు ఇంటికి చేరాడు. తల్లి ముందు ఆదరంగానే పలుకరిస్తుంది. ఆ తరువాత వాడి ముఖం చూసి నిర్ఘాంతపోతుంది. ఈ ఎరుపేమిటి? నీవు నా బిడ్డవేనా? ఎవరి సావాసం పట్టావు? ఇందుకేనా నీకు అక్షరాలు నేర్పించింది? పోనీ, ఇన్నాళ్ళు లండన్‌లో ఉండి చూసిందేమిటి? పెద్ద స్తంభం ఎక్కావా, సింహాలను చూశావా, రాజును చూశావా? ఏదీ లేదన్నమాట. చివరకు తల్లి నిశ్చయించుకుంటుంది: ఇక నిన్ను ఇల్లు కదలనివ్వను, నీ వంటి, నా వంటి అమాయకుల కోసం పుట్టినది కాదు రాజాస్థానం.

ఈ పద్యాన్ని తెలుగు చేయబోయే అనువాదకుడికి ఒక అదృష్టం, ఒక చిక్కు కలిసి ఎదురవుతాయి. అదృష్టం 'ఎరుపు'. సిగ్గుతోనూ ముఖం ఎర్రబడుతుంది, తాగినప్పుడూ ఎర్రబడుతుంది. కవయిత్రి ఆడుకున్నది ఈ రెండర్థాలతోనే. తెలుగులో అది చెక్కు చెదరకుండా నిలుస్తుంది. చిక్కు సంబోధనలో ఉంది. ఆ తల్లి కొడుకును 'నాయనా' అని పిలవాలా, 'ఒరే' అని పిలవాలా? మొదటిది అంటే ఎత్తిపొడుపు పోతుంది, రెండవది అంటే ప్రేమ పోతుంది. మొదటి చరణంలో 'నాయనా' అని లోపలికి రానిచ్చి, మరక కంటబడిన క్షణాన 'ఒరే' లోకి దిగటమే సరైన మార్గమని నాకు తోస్తుంది. మన ఇళ్ళలో తల్లులు చేసేదీ అదే. రెండు వందల డెబ్బై ఏళ్ళకు పైబడిన ఆంగ్ల పద్యం మన వంటింటి గుమ్మంలో నిలబడి మాట్లాడినట్లుండటానికి కారణం, అది పుట్టిన చోటు కూడా వంటిల్లే కావటం.

గీకుడు పిచ్చి

మేరీ లీపర్ 1722 ఫిబ్రవరి 26న మార్‌స్టన్ సెయింట్ లారెన్స్ అనే పల్లెలో పుట్టింది. తండ్రి ఫిలిప్ అక్కడి భూస్వామి, న్యాయమూర్తి అయిన సర్ జాన్ బ్లెంకో తోటలో పని చేసేవాడు. ఆ పిమ్మట కుటుంబం బ్రాక్లీకి చేరింది. అక్కడ అతడు మొక్కలు పెంచి అమ్ముకుంటూ, ఇతరుల తోటలలో పనికి పోతూ కాలం గడిపాడు.

పిల్లకు పది, పదకొండేళ్ళు వచ్చేసరికి చదవటం, వ్రాయటం ఒక మాదిరిగా వచ్చాయి. దొరికిన కాగితం మీదల్లా ఏదో గీకేది, అందులో అప్పుడప్పుడు ప్రాసలు కలిసేవి. తల్లి మొదట మురిసింది. పిల్ల ఎదుగుతున్న కొద్దీ ఆ అలవాటూ ఎదగటం చూసి కలవరపడింది. కూలి చేసుకుని బ్రతకవలసిన ఇంటిలో ఆడపిల్లకు పద్యాలు అన్నం పెడతాయా? మాన్పించటానికి తల్లిదండ్రులు చేయగలిగినదంతా చేశారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి మారదని గ్రహించి ఊరుకున్నారు. ఇది ఆ తండ్రి స్వయంగా చెప్పగా తరువాత గ్రంథస్థమైన మాట. ఆ తల్లిదండ్రులను తప్పు పట్టటానికి నాకు మనసొప్పదు. అప్పటి కాగితం గుడ్డపీలికల గుజ్జుతో ఒక్కొక్క తావు చొప్పున చేతితో తయారు చేసినది. పేదవారికి అది అగ్గువ వస్తువు కాదు.

యుక్తవయస్సులో మేరీ వెస్టన్ హాల్ అనే గృహంలో వంటింటి పనికి కుదిరింది. ఆ ఇంటి యజమానురాలు సుసానా జెన్నెన్స్ తాను కూడా పద్యాలు వ్రాసేది. పనిపిల్ల కవిత్వాన్ని ఆమె అడ్డుకోలేదు సరికదా, ప్రోత్సహించింది. ఆ తరువాత మేరీ పని చేసిన ఎజ్‌కోట్ అనే మరో పెద్ద భవనంలో అటువంటి మన్నన దొరకలేదు. ఆ రోజులను గురించి 1784లో 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' అనే లండన్ పత్రిక ఒక కథనం వేసింది. మంట ముందు మాంసం కాల్చే ఇనుపకమ్మి తిరుగుతూనే ఉండాలి, ఆగితే ఒక వైపు మాడుతుంది. ఈ వంటమనిషి చేతికి కలం తీసుకునేదట; కమ్మి ఆగిపోయేదట; మాంసం మాడేదట. పత్రిక దీనిని నవ్వులాటగా చెప్పింది. ఆమె రూపాన్ని గురించి కూడా పరిహాసం చేసింది: నల్లగా, ఎండిపోయి, కొంగమెడతో, పొట్టి శరీరంతో పెద్ద ఫిడేలులా ఉండేదని. అప్పటికి ఆమె చనిపోయి ముప్ఫై ఎనిమిది సంవత్సరాలు.

ఆ పరిహాసం చేసినవారికి తట్టని సంగతి ఒకటి ఉంది. తన రూపాన్ని తానే ఎగతాళి చేసుకుంటూ మేరీ అంతకు ముందే ఒక పద్యం వ్రాసి పెట్టింది. లోకం ఏమనబోతున్నదో తెలిసి, ముందుగా తానే అనేయటం పేదవారికి అలవడే ఒక రక్షణోపాయం. కవిత్వంలో ఆమె తనకు పెట్టుకున్న పేరు 'మిరా'. మన మీరాబాయికీ దీనికీ సంబంధం లేదు. మేరీ అన్న పేరుకు దగ్గరగా ఉండటమే కాక, లాటిన్‌లో ఆ మాటకు 'అద్భుతమైనది' అని అర్థం. మాడిన మాంసం ముందు నిలబడి తనను తాను అద్భుతమని పిలుచుకోవటంలో కొంత హాస్యముంది, కొంత ధిక్కారమూ ఉంది.

ఎవరి పుస్తకాలు, ఎవరి చదువు

ఆమె వ్రాసిన వాటిలో నేడు ఎక్కువగా చదువుతున్నది 'క్రంబుల్ హాల్'. క్రంబుల్ అంటే పొడిపొడిగా రాలటం. రాలిపోతున్న పాత మేడను గురించిన కావ్యం. ఎజ్‌కోట్ పాత భవనమే దీనికి ఆధారమని పండితుల అభిప్రాయం. ఆ భవనాన్ని ఆమె మరణానంతరం కూల్చి కొత్తది కట్టారు.

ఇంగ్లీషులో జమీందారు గృహాలను స్తుతించే పద్యాలు ఒక శాఖగా ఉన్నాయి. కవి అతిథిగా వెళతాడు, విందు ఆరగిస్తాడు, యజమాని దాతృత్వాన్ని పొగుడుతాడు. మేరీ లీపర్ అతిథిగా వెళ్ళలేదు. ఆమె నడిచినది పనివారి మెట్ల మీద. అందుచేత ఆ మేడ ఆమెకు వేరే విధంగా కనిపించింది: సాలెగూళ్ళు, ఎలుకలు, చీకటి నడవలు, పైకప్పు నుంచి వంటింటి దాకా. వంటింట్లో సోఫ్రోనియా పిండి పిసికి జున్ను రొట్టెలు చేస్తూ ఉంటుంది. కడుపునిండా తిన్న రోజర్ బల్ల మీద తల ఆన్చి గుర్రు పెడుతుంటాడు. అతని మీద మనసు పెట్టుకున్న అర్సులా, పొయ్యి మీద కుండ కాగుతుండగా, ఆ నిద్రపోయే మనిషితో తన విరహం చెప్పుకుంటుంది. గ్రీకు వీరగాథల గంభీరమైన నడకలో ఈ అంట్ల మధ్య ప్రేమకథ సాగుతుంది. నవ్వు వస్తుంది. ఆ నవ్వు పనివారి మీద కాదు. విరహాలు దొరల సొత్తు అనుకునేవారి మీద.

అదే కావ్యంలో మరొక గది ఉంది. బైరన్ అనే పెద్దమనిషి చుట్టూ పుస్తకాలు పేర్చుకుని నిద్రపోతుంటాడు. ఎంత పండితుడో అనుకుంటాము. దగ్గరకు వెళ్ళి చూస్తే పుస్తకాల మీద దుమ్ము వరుసలు తప్పి ఉండదు. అతని చేతి ముద్ర పడినవి చాలా తక్కువ.

ఈ రెండు మూడు పాదాల వెనుక ఉన్న లెక్క చూడండి. మేరీ లీపర్‌కు స్వంతంగా ఉన్న పుస్తకాలు పదహారో పదిహేడో. వాటిలో పోప్ కవి రచనలు, డ్రైడెన్ కథాకావ్యాలు, కొన్ని నాటకాలు ఉన్నాయి. అంతే ఆమె విశ్వవిద్యాలయం. పోప్‌ను ఆమె గురువుగా భావించింది. అతని వలెనే రెండేసి పాదాలకు అంత్యప్రాస కూర్చే ఛందస్సులో వ్రాసింది. మన ద్విపదలో ప్రాస రెండవ అక్షరం మీద పడుతుంది, వారిది పాదం చివర పడుతుంది. జంటగా నడిచే తీరు మాత్రం ఒకటే. గురుభక్తి ఉన్నా గురువు దగ్గర ఆగిపోలేదు. పోప్ 1733-34లో 'మానవుని గురించి' ఒక ప్రసిద్ధ కావ్యం వెలువరించగా, ఆమె 'స్త్రీని గురించి' అన్న శీర్షికతో జవాబు వ్రాసింది. ఆస్తి ఉన్న స్త్రీని పెళ్ళిలోకి దించే పొగడ్త పెళ్ళయిన మరునాడు ఏమవుతుందో అందులో చెప్పింది.

ఒక్క పాఠకురాలు

పనివాళ్ళు పద్యాలు వ్రాస్తే పెద్దలు ముచ్చటపడే రివాజు అప్పటి ఇంగ్లండులో ఒకటి ఉండేది. ధాన్యం నూర్చే కూలీ స్టీఫెన్ డక్ 1730లో కెరొలైన్ రాణి కంటబడి రాజాశ్రయం పొందాడు. బట్టలు ఉతికే మేరీ కోలియర్ అతనికి జవాబుగా 1739లో స్త్రీల చాకిరీ మీద ఒక కావ్యం ప్రచురించింది. అయితే ముచ్చట వేరు, చదవటం వేరు. ఎగిరే కుక్కను చూసినట్లు చూసి, ఒక నాణెం వేసి వెళ్ళిపోయే వారే ఎక్కువ. ద్రాక్షసారా మరక కూడా అటువంటి చూపుకు గుర్తే.

మేరీ లీపర్‌కు దొరికిన నిజమైన పాఠకురాలు బ్రిజెట్ ఫ్రీమాంటిల్. ఆమె బ్రాక్లీకి సమీపంలోని హింటన్ గ్రామ మతాచార్యుని కుమార్తె. తండ్రి అప్పటికే గతించాడు. మేరీ పని పోగొట్టుకుని, తల్లి లేని ఇంటిలో తండ్రికి వండిపెడుతున్న రోజులలో ఈ పరిచయం ఏర్పడింది. వారి స్నేహం సాగినది సుమారు పద్నాలుగు మాసాలే. ఆ పద్నాలుగు మాసాలలో మేరీ విరివిగా వ్రాసింది. నాటకాన్ని లండన్‌కు పంపే ప్రయత్నం ఫ్రీమాంటిల్ పూనికతోనే జరిగింది. చందాలు పోగు చేసి పద్యాలు అచ్చు వేయిద్దామన్న ఆలోచనా ఆమెదే.

ఫ్రీమాంటిల్ తరువాత వ్రాసిన ఒక దీర్ఘమైన లేఖ వల్లనే మనకు మేరీ జీవితంలో సగం తెలిసింది. మేరీ వ్రాస్తుండగా తాను పక్కన కూర్చుని చూసేదాన్నని, కలం కాగితం మీద ఎంత వేగంగా నడుస్తుందో ఆలోచనలూ అంత వేగంగా వచ్చేవని ఆమె చెప్పింది. తీరిక లేక ఎన్నో మంచి భావాలు అక్షరాలు కాకుండానే పోయాయని బాధపడింది. ఈ మాటలలో 'అయ్యో పాపం' లేదు, 'ఆహా ఓహో' లేదు. ఒక మనిషి పని చేస్తుండగా శ్రద్ధగా చూసిన మరొక మనిషి సాక్ష్యం ఉంది.

1746 శరదృతువులో మేరీకి తట్టు సోకింది. రెండవ నాటకం సగంలో ఉంది. అంతకు పూర్వం ఆమె సరదాగా 'మిరా వీలునామా' అని ఒక పద్యం వ్రాసింది. అందులో తన పేరును లోకం నిందకు అప్పగించింది. ఓర్పును నిరాదరణకు గురైన భార్యలకు పంచింది. కాసింత మంచితనాన్ని చిరచిరలాడే భర్తలకు వదిలిపెట్టింది. నిజమైన వీలునామాకు వేళ వచ్చినప్పుడు ఆమె కోరినది ఒక్కటే: తన పద్యాలను చందాల మీద అచ్చు వేయించి, వచ్చిన సొమ్ము తండ్రికి అందేలా చూడమని. నవంబరు 12న కన్ను మూసింది. పద్యాలు అన్నం పెడతాయా అని కలవరపడిన ఇంటికి ఆ పద్యాలే అన్నం పెట్టాలని ఆమె చివరి కోరిక.

కోరిక నెరవేరింది. సుమారు ఆరు వందల మంది చందాదారులతో 1748లో మొదటి సంపుటం వెలువడింది. 1751లో రెండవ సంపుటం వచ్చింది. తిరిగి వచ్చిన నాటకమూ, ఫ్రీమాంటిల్ లేఖా అందులోనే ఉన్నాయి. దానిని అచ్చు వేసినది సామ్యూల్ రిచర్డ్‌సన్.

ఆ పేరు దగ్గర ఒక క్షణం ఆగవలసి ఉంది. రిచర్డ్‌సన్ వృత్తిరీత్యా ముద్రాపకుడు, ప్రవృత్తిరీత్యా నవలాకారుడు. 1740లో ఆయన ప్రచురించిన 'పమేలా' నవల యూరపు ఖండాన్ని ఊపివేసింది. కథానాయిక ఒక పనిపిల్ల. కాగితాలు, కలం, సిరా దాచుకుని రహస్యంగా వ్రాస్తుంది. యజమాని ఆ వ్రాతలు చదివి కరిగిపోతాడు, చివరకు ఆమెను పెళ్ళి చేసుకుంటాడు. ఆ నవల ఇంటింటా చదువుతున్న రోజులలోనే బ్రాక్లీ చెంత ఒక నిజమైన పనిపిల్ల నిజమైన కాగితాల మీద వ్రాస్తూ ఉంది. ఆమె వ్రాతలు చదివి ఏ యజమానీ కరగలేదు; పని పోయింది. పదకొండేళ్ళ తరువాత ఆమె అక్షరాలు వచ్చి చేరినది ఆ నవలాకారుని అచ్చుయంత్రం కిందకే. కల్పనకు ప్రపంచం పట్టిన నీరాజనంలో నిజానికి దక్కినది బహు స్వల్పం. కానీ ఆ స్వల్పాన్ని దక్కించటంలో రిచర్డ్‌సన్‌కూ చేయి ఉన్నదని ఒప్పుకోవాలి.

అచ్చయిన తరువాత

ఆ రోజులలో అచ్చుకు ఇచ్చిన వ్రాతప్రతులను దాచే ఆచారం లేదు. అక్షరాలు కూర్చినవారి చేతి మసితో నలిగి, పని ముగియగానే అవి చిత్తుకాగితాల కింద పోయేవి. మనం నేడు చదువుతున్న మేరీ లీపర్ అచ్చులో మిగిలిన మేరీ లీపర్. ద్రాక్షసారా మరకను మనం కంటితో చూడం. ఆ మరక మీద వ్రాసిన పద్యం మాత్రం ఉంది. కాగితాన్ని పాడు చేసినది పోయి, దానిని చూసి నవ్వినది నిలిచింది.

నిలవటం కూడా తిన్నగా జరగలేదు. 1755లో వచ్చిన ఒక కవయిత్రుల సంకలనంలో ఆమెకు చోటు దొరికింది. 1791లో విలియం కౌపర్ కవి ఒక లేఖలో ఆమెను తలచుకున్నాడు. అంతటి ప్రతికూల పరిస్థితులలో ఉన్న స్త్రీపురుషులెవరి పద్యాలలోనూ అంత నిజమైన కవితాశక్తి చూసినట్లు తనకు జ్ఞాపకం లేదని అభిప్రాయపడ్డాడు. ఆ తరువాత పంతొమ్మిదవ శతాబ్ది ఆమెను దాదాపు మరచిపోయింది. ఇరవయ్యవ శతాబ్ది చివరి భాగంలో రోజర్ లాన్స్‌డేల్ అనే ఆక్స్‌ఫర్డ్ పండితుడు పాత సంపుటాల దుమ్ము దులిపి, 1989లో పదునెనిమిదవ శతాబ్ది కవయిత్రుల సంకలనం తెచ్చినప్పుడు ఆమెకు మళ్ళీ పాఠకులు ఏర్పడ్డారు. 1993లో రిచర్డ్ గ్రీన్ ఆమె మీద ఒక గ్రంథం వ్రాశాడు. 2003లో ఆమె సమగ్ర రచనలు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వెలువడ్డాయి. మొదటి ముద్రణకూ దానికీ మధ్య రెండు వందల యాభై ఐదు సంవత్సరాలు.

ఇంగ్లీషు సాహిత్యం చదువుకునే రోజులలో నా వంటివారు పోప్ కావ్యాలు బట్టీ పట్టారు, 'పమేలా' మీద పరీక్షలు వ్రాశారు. ఆ రెంటి మధ్య నిలబడి ఉన్న ఈ వంటమనిషిని మాకు ఏ అధ్యాపకుడూ పరిచయం చేయలేదు. అది ఎవరి దోషమూ కాదు. పాఠ్యప్రణాళిక అనేది కూడా బైరన్ గది వంటిదే. పుస్తకాలు వరుసగా ఉంటాయి, చేయి పడినవి కొన్నే ఉంటాయి.

ప్రతిభ ఉంటే ఎప్పటికైనా వెలుగులోకి వస్తుందని మనం పిల్లలకు చెబుతాము. మేరీ లీపర్ కథ ఆ మాటను పూర్తిగా సమర్థించదు. ఆమె ప్రతిభ తల్లి బుజ్జగింపులను దాటింది, మాడిన మాంసాన్ని దాటింది, లండన్ పానపాత్రలను దాటింది. మృత్యువును మాత్రం తనంత తాను దాటలేదు. దానిని దాటించినది ఫ్రీమాంటిల్. ఆమె గొప్ప విమర్శకురాలు కాదు, ధనవంతురాలని కూడా ఎవరూ అనలేదు. మరొకరు వ్రాసిన కాగితాన్ని శుభ్రమైన చేతులతో అందుకుని, చివరి వరకూ చదివి, భద్రంగా దాచి, అడిగినవారికి అందజేసింది.

మన ఇళ్ళలో కూడా అటకల మీద, బీరువాల అడుగున ఎవరివో నోటుపుస్తకాలు ఉంటాయి. పెద్దమ్మ వ్రాసుకున్న పాటలు, తాతగారు సగంలో వదిలిన శతకం, పెళ్ళికి ముందు అత్తయ్య రాసి దాచిన కథలు. అవన్నీ గొప్ప రచనలని నేను అనను. వాటిలో అధికభాగం కాకపోవచ్చు. ఏది గొప్పదో తెలియాలంటే మాత్రం ఎవరో ఒకరు ముందుగా కాఫీగ్లాసు పక్కన పెట్టి, వాటిని చేతిలోకి తీసుకోవాలి.